ఫోన్ ఎత్తనోడి ముచ్చట

ఫోన్ మోగితే నేను ఎత్తను. బల్ల మీద అది వణుకుతూ పక్కకు జరుగుతుంటే, ఆగేదాకా చూస్తూ కూర్చుంటాను. ఆగిన అర నిమిషానికి ‘చెప్పన్నా’ అని మెసేజ్ పెడతాను. అవతలాయన మళ్లీ ఫోనే చేస్తాడు. ఇట్లా మూడుసార్లు అయ్యాక ఇద్దరిలో ఒకరు ఓడిపోతారు. ఎక్కువసార్లు నేనే.

వరంగల్ కొత్తవాడలో నాది డీటీపీ పని. ఇంటి ముందుగదే దుకాణం. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, ఫ్లెక్సీలు, చేనేత సంఘాల కరపత్రాలు. గిరాకీ పక్కన కూర్చుని “గణపతి బొమ్మ జర పెద్దగ పెట్టు తమ్మీ” అంటే పెడతాను. పని గురించిన మాటైతే నాకు ఏ ఇబ్బందీ లేదు. పని అయిపోయాక, పైసలు ఇచ్చేశాక, లేవకుండా “ఇంకేంది మరి?” అంటారు చూడండి, అక్కడ నా నాలుక మడతపడుతుంది.

మా వాడలో నా పేరు మూగోడు. పుస్తకాల భాషలో అంతర్ముఖుడు. ఈ అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజనను లోకంలో పాపులర్ చేసింది కార్ల్ యూంగ్ అనే స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు, 1921లో వేసిన పుస్తకంతో. చాలామంది దీన్ని సిగ్గుతో కలిపేస్తారు. సిగ్గరికి నలుగురిలోకి పోవాలని ఉంటుంది, భయం ఆపుతుంది. నాకు భయమేమీ లేదు. పెళ్లికి పోతాను, బంతిలో కూర్చుని తింటాను, అడిగితే నవ్వుతాను. ఇంటికొచ్చాక మాత్రం తోడేసిన బావిలా ఉంటాను. నీళ్లు మళ్లీ ఊరాలి. ఊరడానికి నాకు ఒంటరిగా రెండు రోజులు కావాలి, అంతే.

మా బాపు జంపఖానాలు నేసేవాడు. బయటివాళ్లకు కొత్తవాడ అంటే గుర్తొచ్చేది అవే. వరంగల్ దర్రీల పేరుతో వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బాపుది గుంటమగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది. పొద్దున దిగితే మళ్లీ అన్నానికే లేచేవాడు. పూటంతా ముఖం పడుగు మీదే, నోట మాట ఉండేది కాదు. మగ్గం చప్పుడులో ఏం వినబడదని ఎవరూ పలకరించేవాళ్లు కాదు, పలకరించినా తల ఊపితే సరిపోయేది. ఆయన్ని ఎవరూ మూగోడనలేదు. పనిమంతుడన్నారు. అన్నే గంటలు నేను తెర ముందు కూర్చుంటే ‘పోరడు పాడైండు’ అన్నారు. చప్పుడు చేయని పని ఎంచుకోవడమే నేను చేసిన పొరపాటు అనుకుంటాను.

ఫోన్లో ఆటలు నాకు పరిచయమైంది కూడా ఆ మగ్గం పక్కనే. సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే మా చిన్నాయిన ఒక పండుగకు వస్తూ పాత నోకియా 3310 తెచ్చాడు. 2000 సంవత్సరంలో వచ్చిన మోడల్ అది. అందరూ పాము ఆట మీద పడ్డారు. నేను మాత్రం ఎవరూ ముట్టని బంటుమి అనే ఆట తెరిచి నోరెళ్లబెట్టాను. అది మా నాయినమ్మ చింతగింజలతో ఆడే వామనగుంటలే! గుంటలు తక్కువ, కొన్ని నియమాలు తేడా, అయినా ఒక గుంటలో గింజలు తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటే పంచుకుంటూ పోవడం అచ్చంగా అదే. ఈ కుటుంబం ఆటలు ఆఫ్రికాలో ఎన్నో పేర్లతో ఉన్నాయని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఫిన్లాండ్ కంపెనీ ఫోన్లో, సూరత్ మీదుగా, మా నాయినమ్మ ఆట నా చేతికి వచ్చింది. ఆమెకు చూపిస్తే “గింజలేవిరా?” అంది. వేళ్లతో తడిమి చూడనిదే ఆమెకు లెక్క కుదరదు. ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఇప్పుడు నేను ఆడేది చదరంగం, లీచెస్ అనే సైట్‌లో. అందులో ప్రకటనలు లేవు, పైసలు అడగదు, విరాళాల మీద నడుస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఎదుటివాడితో మాట్లాడే డబ్బాను మూసేసుకోగలగడం. రాత్రి పదింటికి ఏ దేశంవాడో తెలియని మనిషితో పది నిమిషాలు కూర్చుంటాను. నా గుర్రాన్ని ఎందుకు అక్కడ పెట్టానో అతనికి అర్థమైందని అతని ఎత్తు చూస్తే తెలుస్తుంది. నా లెక్కలో అది చాలా దగ్గరి సంభాషణ. మా వరంగల్ పిల్లగాడు అర్జున్ ఎరిగైసి 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బల్ల మీద 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చినప్పుడు, అదే ఏడు డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటినప్పుడు, నేనే గెలిచినంత సంబరపడ్డాను. ఎవరికీ చెప్పలేదు, అది వేరే సంగతి.

మా మేనల్లుడిది ఇంకో దారి. వాడు పబ్‌జీ పిల్లగాడు. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఆ ఆటను నిషేధించినప్పుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మరుసటేడు బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చాక మళ్లీ బతికాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట్నా వాడితో, పుణె వాడితో హిందీలో అరుస్తుంటాడు. బడిలో రాని హిందీ తుపాకుల మధ్య వచ్చింది. ఒకసారి “రా మామా, నలుగురం కావాలె” అని నన్నూ కూర్చోబెట్టాడు. ఆట చేతకాక కాదు నేను లేచిపోయింది. ముగ్గురు కొత్తవాళ్లు ఒకేసారి నా చెవిలో “భాయ్, కహా హో?” అని అడిగితే, ఎక్కడున్నానో నాకే తెలియలేదు.

అందుకే ఆన్‌లైన్ అనగానే అంతా ఒకటే అనుకుంటే నాకు నవ్వొస్తుంది. అందులోనూ సంతలున్నాయి, చెట్టు కింద అరుగులున్నాయి. మా బంధువుల వాట్సాప్ గ్రూపు సంత. సూరత్, భీవండి, షోలాపూర్, మధ్యలో మేము. పొద్దున్నే నలభై గులాబీ పూలు. 2014లో నీలం టిక్కులు వచ్చినప్పుడు నాకు పెద్ద కష్టమే వచ్చింది. చూశావు, పలకలేదు అని సాక్ష్యం పుట్టింది. కొద్దిరోజులకే వాటిని ఆపుకునే సౌకర్యం ఇచ్చారు. 2022లో అడ్మిన్లకు తప్ప ఎవరికీ కబురు పోకుండా గ్రూపు నుంచి బయటికి వచ్చే వీలూ, ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనబడకుండా ఉండే వీలూ కలిగించారు. నాలాంటి వాళ్లు లోకంలో ఎంతమంది ఉంటే అంత పెద్ద కంపెనీ ఈ పని చేసి ఉంటుంది! గ్రూపులో నుంచి మాత్రం నేను పోలేదు. మా పెద్దమ్మ పెట్టే గులాబీ రాకపోతే ఆమెకు బాగోలేదేమోనని నాకు దిగులు. తిరిగి ఒక్క పువ్వు కూడా పెట్టను గానీ, రోజూ లెక్క చూసుకుంటాను.

నా పనిలో నాకు ఇష్టమైన చోటు ఒకటి చూపిస్తాను. ‘స్త్రీ’ అని రాయండి. కంటికి ఒకటే అక్షరం. పేపర్‌లో గళ్లనుడికట్టు పూరించేటప్పుడు దానికి ఒకటే గడి. కంప్యూటర్ మాత్రం దాన్ని యూనికోడ్‌లో ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. అయినా అచ్చు పనిలో చాలా ఏళ్లు పాత ఫాంట్లే నడిచాయి. ఒక్కో ఫాంటుకు దాని సొంత సంకేతాలు. నా కంప్యూటర్లో ‘చి.ల.సౌ.’ అని ఉన్నది ఇంకో చోట తెరిస్తే పిచ్చి గుర్తులు. ఇప్పటికీ గిరాకీ వాట్సాప్‌లో యూనికోడ్‌లో పేర్లు పంపుతారు, అచ్చుకు పోయే ఫైలేమో పాత ఫాంటులో కావాలంటారు. మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. పెళ్లికూతురి పేరులో ఒత్తు జారితే ఏమవుతుందో నాకు ఒకసారి అనుభవమైంది. అయిదు వందల కార్డులు సొంత ఖర్చుతో మళ్లీ వేశాను. ఆ రోజు మాత్రం పెళ్లివాళ్లు ఫోన్ చేయలేదు, ఇంటికే వచ్చారు.

తెరతో నాకు పేచీ లేదని కాదు. ఉంది. మగ్గం మీద పడుగు అయిపోతే దిగాల్సిందే. ఇష్టమున్నా లేకున్నా బట్ట కోసి, మడతపెట్టి, కొత్త పడుగు ఎక్కించేదాకా ఖాళీ. వామనగుంటల్లో గింజలు ఒకరి దగ్గర చేరితే ఆట ముగిసినట్టే. ఫోన్లో రీల్స్‌కు కొస లేదు. కిందికి తోస్తుంటే తనంతట తాను వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికన్ రూపొందించాడు. పేజీ మార్చే శ్రమ తప్పిద్దామనుకుని చేసి, తర్వాత దానికి బాధపడుతున్నానని తనే చెప్పాడు. నేను ఒక రాత్రి చేపలు కోసే వీడియోలు రెండు గంటలు చూశాను. నాకు చేపలంటే పడదు. పైసలు పెట్టే ఆటలైతే ఇంకా దారుణం. తెలంగాణ వాటిని 2017లోనే నిషేధించింది, దేశమంతటికీ 2025 ఆగస్టులో చట్టం వచ్చింది. ఈలోపు మా గల్లీలో ఒకాయన రెండు తులాల బంగారం కుదువపెట్టాడు. ఆయన అంతర్ముఖుడేం కాదు. బోనాల డప్పుకు ముందు నిలబడి ఎగిరే మనిషి.

బాపు మగ్గం దిగి ఆరేళ్లయింది. మోకాళ్లు సహకరించడం లేదు. గుంట పూడ్చి, దాని మీదే బండలు పరిచి నా కంప్యూటర్ బల్ల వేశాం. వానాకాలం అక్కడి బండ ఒక్కటే చెమరుస్తుంది. రాత్రి అన్నం తిన్నాక బాపు వెనక కుర్చీలో వచ్చి కూర్చుంటాడు. ఏమీ అడగడు, నేనూ చెప్పను. అమ్మ లోపలి నుంచి “ఇద్దరున్నరా, పన్నరా?” అని అరుస్తుంది.

మొన్న ఒక కార్డుకు అంచు గీస్తున్నాను. జంపఖానా మీది డిజైన్ లాంటిది, గళ్లు గళ్లుగా. బాపు ఇట్లాంటివే ఒకప్పుడు గళ్ల కాగితం మీద చూసుకుంటూ నేసేవాడు. ఒక గడికి ఇన్ని పోగులని లెక్క, రంగు మారే చోట రెండు రంగుల నూలూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి, లేకపోతే అక్కడ సందు పడుతుంది. నేను ఒక మూల గీసి, కాపీ కొట్టి, తిప్పి, నాలుగు వైపులా అతికించాను. గంటసేపటి నుంచి మాట్లాడని మనిషి వేలు చాచాడు.

“ఆడ ఒక గడి తప్పింది సూడు.”

పెద్దది చేసి చూశాను. కుడివైపు కింద, ఎరుపు పక్కన, ఒక్క గడి తప్పింది.