కౌంటరుకు ఆవలి మనిషి

జమ్మికుంట పత్తి మార్కెట్టును ఎరుగని రైతు మన ప్రాంతములో అరుదు. పత్తి యార్డుకు చేరే నెలల్లో ఇక్కడి బ్యాంకులలో కాలు పెట్టుటకు చోటుండదు. సి.సి.ఐ. కొన్న పత్తి సొమ్ము రైతు ఖాతాలోనే జమ అవుతుంది గనుక "పైసలు పడ్డయా సారూ?" అని అడుగుటకు అందరూ అక్కడికే వస్తారు. ఆలస్యము ఎక్కడ జరిగినా మాట పడేది కౌంటరులోని వాడే.

"ఇంటికొస్తరు గని మాట్లాడరు అయ్యగారూ." బ్యాంకు ఉద్యోగుల ఇండ్లలో మేము తరచుగా వినే మాట ఇది. జీతము చూచి సుఖమైన కొలువని లోకము అనుకుంటుంది. అది సగము మాత్రమే నిజము.

పని ఎక్కువై, దానిని నడుపుకొనే స్వేచ్ఛ తక్కువైనప్పుడు ఒత్తిడి మనిషిని కుంగదీస్తుందని రాబర్ట్ కారసెక్ అనే అమెరికా పరిశోధకుడు 1979లో వివరించాడు. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు జరిగినది ఇదే. మార్పిడి పరిమితి మొదట 4,000 రూపాయలు, తరువాత 4,500, మరల 2,000. నవంబరు 24 తరువాత మార్పిడియే ఆగిపోయింది. ఆ నిర్ణయములలో దేనిలోను పాలు లేని గుమాస్తా, పత్తి అమ్ముకొని వచ్చిన రైతుకు రోజుకొక జవాబు చెప్పవలసి వచ్చింది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020లో ఆంధ్రా బ్యాంకు పెద్ద బ్యాంకులలో కలిసినప్పుడు బదిలీల భయము తోడైంది. 2024 రుణమాఫీలో పేరు రాని రైతు కూడా మొదట నిలదీసినది బ్యాంకునే.

అయితే ఒకే బ్రాంచిలో ఒకరు హాయిగా నిద్రపోతారు, మరొకరు బి.పి. మాత్రలు మింగుతారు. కాజీపేట నుండి రైలులో రాకపోకలు, పిల్లలొక ఊరిలో తానొక ఊరిలో ఉండుట, ఇంటి అప్పు, కాదనలేని మెతకదనము - ఇవి ఎవరివి వారివే. సాయంత్రము నగదు తగ్గితే క్యాషియరు తన జేబులోనుండి కట్టాలి. ఆ నెల పిల్లవాని ఫీజు ఆగుతుంది.

వీటన్నిటికన్న బరువైనది, మా దృష్టిలో, బీమా టార్గెట్టు. పంట అప్పుకు వచ్చిన రైతుకు ఈ పాలసీ అక్కరలేదని ఆ ఆఫీసరుకు తెలుసు. అయినా అమ్మాలి, లేకపోతే పైవారి ఫోను. ఇది పనిభారము కాదు, మనస్సాక్షి మీది బరువు. సెలవు పెడితే తీరేది కాదు. ఈ టార్గెట్టును తగ్గించగలవారు పై ఆఫీసులలోనే ఉన్నారు, భార్య ఓదార్పు దానికి చాలదు.

నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తున్నవారు 14416కు ఫోను చేయవచ్చును. 2022లో ప్రారంభమైన ఈ ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితము. తెలుగులోనే మాట్లాడతారు.