లారీల ఊరి పక్కగా కొత్త దారి
రాయపూర్–విశాఖ ఎక్స్‌ప్రెస్‌వే సాలూరుకు ఏం తెస్తుంది?

సాలూరులో లారీ కనబడని వీధి కోసం వెతుక్కోవాలి. పార్వతీపురం మన్యం జిల్లాలో, తూర్పు కనుమల మొదట్లో, వేగావతి ఒడ్డునున్న ఈ పట్టణానికి లారీయే బతుకుదెరువు. ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టేవాళ్లు, పెయింటర్లు, టైర్ల షాపులవాళ్లు... ఒక్క లోడు కదిలితే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. బొబ్బిలి నుంచి వచ్చే రైలు పట్టాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఇక్కణ్నుంచి సరుకు కొండెక్కాలంటే లారీయే దిక్కు. విజయనగరం నుంచి కోరాపుట్ మీదుగా రాయపూర్ వెళ్లే పాత 43వ నంబరు జాతీయ రహదారే ఈ ఊరిని పెంచింది. ఇప్పుడు ఈ భాగం 26వ నంబరు.

ఘాట్‌లో బండి దించడమంటే...

సాలూరు దాటాక సుంకి వైపు ఘాట్ మొదలవుతుంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. నిండు లోడుతో దిగే లారీని డ్రైవరు చిన్న గేరులోనే ఉంచుతాడు. బండి బరువును ఇంజనే పట్టి ఆపాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ కూర్చుంటే లైనర్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పట్టదు. మలుపులో ఒక్క బండి ఆగిపోయిందా, పైనా కిందా లారీలు బారులు తీరాల్సిందే.

465 కిలోమీటర్లు, ఆరు వరుసలు

ఈ కష్టాన్ని తప్పించేందుకే రాయపూర్–విశాఖపట్నం గ్రీన్‌ఫీల్డ్ రహదారి. రాయపూర్ దగ్గరి అభన్‌పూర్ నుంచి విశాఖ దగ్గరి సబ్బవరం వరకు సుమారు 465 కిలోమీటర్లు. ఇప్పుడున్న దారి 600 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. కొత్త దారిలో ప్రయాణ సమయం దాదాపు సగానికి తగ్గుతుందని అంచనా. ఛత్తీస్‌గఢ్‌లోని కేశ్‌కాల్ ప్రాంతంలో కొండను తొలిచి, 2.79 కిలోమీటర్ల జంట సొరంగం వేశారు. మన రాష్ట్రంలో సుమారు 100 కిలోమీటర్ల భాగానికి 2022 నవంబరు 12న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ భాగం మొదలయ్యేది సాలూరు మండలంలోని ఆలూరు దగ్గరే.

ఈ దారితో ఛత్తీస్‌గఢ్ బియ్యం, ఉక్కు విశాఖ రేవుకు తొందరగా చేరతాయి. లారీ ఓనరుకు డీజిలు మిగులుతుంది, డ్రైవరు ఇంటికి త్వరగా వస్తాడు. అందుకే ఈ రోడ్డు రావాల్సిందే.

ఊరికి దక్కాల్సింది

అయితే ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం, దిగలేం. ఇంటర్‌ఛేంజ్ ఉన్నచోటే దారి. పాత రోడ్డు మీద లారీ ఆగినప్పుడల్లా భోజనం హోటలుకు, పంక్చరు షాపుకు, వెల్డింగు షెడ్డుకు నాలుగు రూపాయలు అందేవి. కొత్త రోడ్డు మీద లారీ ఆగకుండా సాగిపోతే ఆ డబ్బూ దానితోపాటే పోతుంది. కొత్త రోడ్డు గట్టుకు అటు ఇల్లు, ఇటు పొలం ఉన్న రైతు పరిస్థితీ ఆలోచించాలి. గడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు పట్టేంత ఎత్తులో అండర్‌పాస్ లేకపోతే, కళ్ల ముందున్న చేనుకు ఊళ్లు చుట్టి వెళ్లాలి.

వీటికి మార్గాలున్నాయి. దారి పక్కన కట్టే విశ్రాంతి ప్రాంగణాల్లో లారీ డ్రైవర్లకు పడుకునే గదులు, స్నానాలకు నీళ్లు ఉండాలి. అక్కడి దుకాణాల్లో, మరమ్మతు షెడ్లలో స్థానికులకు మొదటి వాటా ఇవ్వాలి. తరాలుగా బాడీలు కడుతున్న చేతులున్న ఊళ్లో నైపుణ్యానికి కొదవ లేదు. ఇంటర్‌ఛేంజ్ నుంచి పట్టణానికి మంచి లింకు రోడ్డు పడితే, బండి బాగుచేయించుకోవడానికి డ్రైవర్లు ఎలాగూ సాలూరే వస్తారు.

రెండు నగరాల మధ్య ఎన్ని గంటలు మిగిలాయన్న లెక్క అవసరమే. మధ్యలో ఉన్న ఊళ్లకు ఎంత పని మిగిలిందన్న లెక్కా దాని పక్కనే రాయాలి. ఆ రెండూ కలిసి పెరిగితేనే ఈ రోడ్డు కోసం భూములిచ్చినవాళ్లకు న్యాయం జరిగినట్టు.