నా దమ్ముకూ ఒక నంబరుంది

మా మనవరాలు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ నౌకరీ చేస్తది. అదేం పని బిడ్డా అని అడిగితే, "డాక్టర్లు రాసిన జబ్బులకు నంబర్లు వేస్తం తాతా" అన్నది. అన్నీ అమెరికా దవాఖానల కాగితాలట. జబ్బుకు నంబరెందుకు, దగ్గు దగ్గే కదా అని నవ్వినాను. నవ్వినాను గానీ, నేను కూడా ముప్పై ఏండ్లు మిల్లులో నంబరుగానే బతికినవాణ్ణి. బిల్లా మీద నంబరు చూసే హాజరు వేసేవారు, పేరు ఎవరడిగినారు.

మొన్న దసరాకు ఆ పిల్ల షోలాపూర్ వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో నా పాత దవాఖాన కాగితాలు చూసింది. ఒకదాని మీద "అలర్జిక్ ఆస్తమా" అని ఉన్నది. ఆ కాగితం ఏ దవాఖానదో ఇక్కడ చెప్పను, దానికి ఇరవై ఏండ్లు దాటినయి.

"తాతా, నువ్వు మిల్లులో ఏ ఖాతాలో చేసినవు?"

ముందు బ్లో రూము, తర్వాత కార్డింగు అన్నాను. పత్తి బేళ్ళు విప్పేది, దులిపేది అక్కడే. దుమ్ము ఎట్లుండేదంటే పాళీ దిగేటప్పటికి కనుబొమ్మలు తెల్లబడేవి, ఇంటికొస్తే పిల్లలు ముసలాయన వచ్చిండని నవ్వేవారు. సెలవు రోజు బాగానే ఉండేది. సెలవు అయిన మర్నాడు పనిలోకి పోతే మాత్రం మధ్యాహ్నానికి ఛాతీ మీద బండ పెట్టినట్టు అయ్యేది. రెండో రోజు కొంచెం తేలిక. మళ్ళీ సెలవు, మళ్ళీ బండ. తర్వాత తర్వాత వారమంతా అట్లనే ఉండేది. మా ఖాతాలో చానామందికి ఇంతే. బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్ము దిగిపోతదని పెద్దలు చెప్పేవారు, వేసుకునేవాళ్ళం.

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. దీనికి బిసినోసిస్ అని వేరే పేరున్నది, పత్తి దుమ్ముతో వచ్చే జబ్బు, వాళ్ళ పుస్తకంలో జె 66.0 నంబరు. ఆస్తమా అయితే జె 45. రెండూ ఊపిరి జబ్బులే గానీ వేరు వేరు గళ్ళు. సెలవు తర్వాత మొదటి రోజు ఛాతీ పట్టేయడమే దీని ఆనవాలు. షిల్లింగ్ అనే ఇంగ్లండు డాక్టరు 1950లలో లాంకషైర్ మిల్లుల్లో చూసి దీనికి మెట్లు కట్టినాడట: ఎప్పుడన్నా ఒకసారి మొదటి రోజు పట్టేస్తే అర మెట్టు, ప్రతివారం మొదటి రోజు పట్టేస్తే ఒకటి, మిగతా రోజులు కూడా అయితే రెండు, ఊపిరి శాశ్వతంగా తగ్గిపోతే మూడు. నేను ఎన్నో మెట్టు మీద ఉన్నానో లెక్క వేసుకున్నాను.

మనం అందరం దీన్ని "డస్ట్ అలర్జీ" అనే అంటాం. పక్కా అలర్జీ కాదట. పత్తి మీద ఉండే సూక్ష్మక్రిముల విషమే ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. అందుకే పుస్తకంలో దాన్ని ఆస్తమా గడిలో వేయలేదు.

ఈ పుస్తకం ప్రపంచ ఆరోగ్య సంస్థది. పదో కూర్పును 1990లో ఒప్పుకున్నారు, పదకొండోది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అమెరికా వాళ్ళు పదోదాన్నే తమకు తగ్గట్టు పెంచుకొని 2015 అక్టోబరు నుంచి వాడుతున్నారు. అందులో పల్లీలు పడని మనిషికి జెడ్ 91.010, గుడ్డు పడకుంటే జెడ్ 91.012. పల్లీకి కూడా నంబరా అంటే, పల్లీ తిని ప్రాణం పోయినవాళ్ళున్నారు తాతా అన్నది.

రంగుల ఖాతాలో చేసిన మా బామ్మర్ది చేతులు పగిలి నీరు కారేవి. దానికీ రెండు గళ్ళున్నయి. రంగు అతని ఒంటికి పడక వస్తే ఎల్ 23.4, అలర్జీ కింద. మందుల ఘాటుకు ఎవరి చర్మమైనా మండేదే అయితే ఎల్ 24. ఏదో తేల్చడానికి వీపు మీద పట్టీలు అంటించి చూసే పరీక్ష ఉన్నదట. బామ్మర్దికి ఎవరూ అంటించలేదు, కొబ్బరినూనె రాసుకొని రిటైర్ అయినాడు.

మా ఇంటామె సంగతి వేరు. ఒకసారి సల్ఫా మాత్ర వేసుకుంటే పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు. తగ్గింది, మరిచిపోయినాం. కొన్నేండ్లకు జ్వరమొస్తే ఇంకో డాక్టరు అదే జాతి మందు ఇచ్చినాడు. ఆయన తప్పేమున్నది, మేము చెప్పలేదు, ఏ చీటీ మీదా లేదు. ఆ రాత్రి రిక్షాలో ఆమె ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నా చేతులు వణికినయి, అవి ఇప్పటికీ తలుచుకుంటే వణుకుతయి. జెడ్ 88.2 అంటే సల్ఫా మందులు పడవని పాత చరిత్ర. పెన్సిలిన్‌కు జెడ్ 88.0. నంబరు మనకెందుకు గానీ మందు పేరు కావాలి. మా మనవరాలు అట్టముక్క మీద ఎర్రసిరాతో రాసి వాళ్ళ అమ్మమ్మ పర్సులో పెట్టింది. మీ ఇంట్లో ఎవరికన్నా ఏదన్నా మందు పడకపోతే ఆ పేరు డాక్టరుతో రాయించుకోండి, "ఏదో తెల్ల గోలీ" అంటే ఎవరికీ తెలవదు.

ఇక నా సంగతి. మన ఈఎస్ఐ చట్టం, 1948 నాటిది, దాని మూడో షెడ్యూలులో పనివల్ల వచ్చే జబ్బుల పట్టీ ఉండేది. పత్తి దుమ్ము జబ్బు అందులో ఉండేది. ఇన్నేండ్లు నాకెవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా డాక్టరుకు మిల్లు పేరెత్తలేదు. జబ్బుమనిషి అని తీసేస్తారని భయం. ఆయన ఏం పని చేస్తవని అడగలేదు, నేను చెప్పలేదు, కాగితం మీద ఆస్తమా పడ్డది.

"మరి నువ్వే ఆ జె 66 వేసెయ్యరాదూ" అన్నాను. "నేను డాక్టర్ని కాదు తాతా. డాక్టరు రాసిందానికే నంబరు."

పోయిన నెల సర్కారు దవాఖానలో ఛాతీ డాక్టరు దగ్గరికి పోయి మొత్తం చెప్పినాను, సెలవు మర్నాటి సంగతితో సహా. గొట్టంలో ఊదించినాడు. మిల్లు మూతపడి ఇన్నేండ్లయినాక ఖాయంగా చెప్పడం కష్టం అన్నాడు. అయినా "ముప్పై ఏండ్లు పత్తి మిల్లు, కార్డింగు" అని చీటీ మీద రాసినాడు. కింద బిసినోసిస్ అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టినాడు.

రాత్రి ఫోనులో చెబితే మనవరాలు అన్నది, "ప్రశ్న గుర్తుంటే మేము నంబరు వెయ్యం తాతా. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాడు?"

వచ్చే నెల పన్నెండో తారీఖు. ఈసారి మిల్లు బిల్లా కూడా పట్టుకపోతాను.