చదరపు అడుగులే కాదు.. గాలీ లెక్కే!

దగ్గు తగ్గడం లేదని ఓపీకి వచ్చినవారిని మేం ఇంటి గురించి కూడా అడుగుతాం. ఒక గదిలో ఎంతమంది పడుకుంటారు? వంట ఎక్కడ చేస్తారు? కిటికీ తెరుస్తారా? జబ్బుకు మందు రాసివ్వగలం గానీ, గాలి ఆడని గదికి మందు లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ప్రభుత్వ సాయంతో ఎన్నో ఇళ్లు లేస్తున్నాయి. మన బంధువుల్లోనో, ఇంట్లో పనిచేసేవారిలోనో ఎవరో ఒకరు కట్టుకుంటూనే ఉంటారు. గోడలు లేవకముందే వారికి చెప్పాల్సిన మాటలివి.

పథకంలో ఉన్నదేంటి?

తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి దశలవారీగా 5 లక్షల రూపాయల సాయం అందుతుంది. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులుండాలి. వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి. అంతకుముందు కట్టిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల విస్తీర్ణం 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వ హయాంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలిచ్చి, 340 చదరపు అడుగుల ఇళ్లు చేపట్టారు.

సెంటంటే సుమారు 435 చదరపు అడుగులు. ఇల్లు పోను చుట్టూ మిగిలేది వంద అడుగుల లోపే. రెండు పక్కలా పొరుగువారి గోడలొస్తే కిటికీలకు దారి ముందూ వెనకే. దొంగల భయంతోనో, ఖర్చు తగ్గుతుందనో వెనక కిటికీ మానేస్తే లోపలికొచ్చిన గాలి బయటికి పోదు.

కిటికీ ఎంత ఉండాలి?

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు, అంటే దాదాపు 9 అడుగులుండాలి. కిటికీలు, వెంటిలేటర్ల వంటివాటి వైశాల్యం పొడి వేడి ప్రాంతాల్లో నేలలో పదోవంతు, కోస్తాలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఆరోవంతు ఉండాలి. పదడుగుల చదరపు గదికి ఇది 10 నుంచి 17 చదరపు అడుగులన్నమాట. స్లైడింగ్ కిటికీ మామూలుగా సగమే తెరుచుకుంటుంది. అందుకే 4 అడుగుల చదరపు కిటికీ పెట్టినా గాలికి దొరికేది 8 అడుగులే. అపార్ట్‌మెంట్లలో బాల్కనీని అద్దాలతో మూసేస్తున్నవారూ ఈ లెక్క చూసుకోవాలి.

గాలి ఆడకపోతే..

క్షయ గాలి ద్వారా సోకుతుంది. రోగి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మక్రిములు మూసి ఉన్న గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. గాలి ఆడితే పలచబడతాయి. ముంబైలోని గోవండీ ప్రాంతంలో మురికివాడల వారికి కట్టిచ్చిన బహుళ అంతస్తుల కాలనీలే ఇందుకు హెచ్చరిక. భవనాలను మరీ దగ్గరగా కట్టడంతో కింది ఇళ్లకు ఎండా గాలీ సరిగా అందలేదు. ఇలాంటి ఇళ్లకూ క్షయకూ సంబంధం ఉన్నట్టు అక్కడి అధ్యయనం గుర్తించింది. పక్కా ఇల్లయినంత మాత్రాన ఆరోగ్యకరమైన ఇల్లు కాదు.

చెమ్మ పట్టిన గోడల మీది బూజు, వంట పొగ, దోమల కాయిల్ పొగ ఆస్తమాను రెచ్చగొడతాయి. పగలంతా కాగిన స్లాబు రాత్రి ఇంట్లోకి వేడిని వదులుతుంది. పసిపిల్లలకు, వృద్ధులకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఇది ప్రమాదకరం.

స్లాబు పడకముందే చూసుకోండి

* ప్రతి పడకగదికీ ఎదురెదురుగా కిటికీలు పెట్టించండి. వీలుకాకపోతే కిటికీకి ఎదురుగోడ పైభాగాన వెంటిలేటరైనా ఉండాలి.
* వంటగది పొగ ఆరుబయటికి పోవాలి, పడకగదిలోకి కాదు. ఎగ్జాస్ట్ ఫ్యానుకు రంధ్రం గోడ కట్టేటప్పుడే వదిలించండి.
* పునాది మీద చెమ్మ పైకెక్కకుండా కాంక్రీటు పొర వేయించండి. కిటికీలపై సజ్జలు మానొద్దు.
* స్లాబుపై తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేస్తే లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ 2023లోనే ఇందుకోసం కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది.

ఇప్పటికే కట్టేసిన ఇంట్లో ఉంటున్నారా? పొద్దునా సాయంత్రం కిటికీలూ తలుపులూ బార్లా తెరవండి. దోమల కోసం కిటికీ మూసేయకుండా మెష్ బిగించండి. ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గుంటే కఫం పరీక్ష చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఉచితంగా చేయిస్తారు. క్షయ అని తేలితే రోగితో ఒకే గదిలో పడుకునే వారందరికీ, ముఖ్యంగా పిల్లలకు పరీక్షలు తప్పనిసరి.