క్రయ ఒప్పందాల్లో పరిశీలన గడువు: నిర్వచనం, పదప్రయోగం

ఉపోద్ఘాతం

స్థిరాస్తి కొనుగోలులో బయానా చెల్లింపుకూ రిజిస్ట్రేషనుకూ నడుమ, కొనుగోలుదారు ఆస్తి హక్కును పరిశీలించుకొనే దశ ఒకటి ఉంటుంది. తెలుగులో వ్రాసుకొనే క్రయ ఒప్పందాల్లో ‘గడువు’ అన్న మాట తరచుగా మిగిలిన పైకం చెల్లించవలసిన కాలాన్నే సూచిస్తుంది. పరిశీలనకు వేరే గడువు లేనప్పుడు, హక్కులోని దోషం బయటపడేసరికి చెల్లింపు గడువు దాటిపోయి, బయానా వివాదంలో చిక్కుకొంటుంది. పరిశీలన గడువును ఏ అంశాలతో నిర్వచించాలో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

చట్టం చెప్పేది

వేరే ఒప్పందం లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం విక్రేత తనకు తెలిసి, కొనుగోలుదారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య దోషాలను వెల్లడించాలి. అడిగినప్పుడు హక్కు పత్రాలను చూపాలి. ఎన్ని రోజుల్లో అన్నది ఆ సెక్షను చెప్పదు. స్థిరాస్తి విక్రయాల్లో కాలమే ఒప్పందానికి ప్రాణమని ముందుగా భావించరాదనీ, ఒప్పందంలోని స్పష్టమైన పదాలు, ఆస్తి స్వభావం, పరిస్థితులను బట్టి అలా నిర్ణయించవచ్చనీ చాంద్ రాణి వర్సెస్ కమల్ రాణి కేసులో (1993) సుప్రీంకోర్టు పేర్కొంది. అందువల్ల గడువు విషయంలో పదప్రయోగానికి ప్రాధాన్యం ఏర్పడింది.

సందిగ్ధతకు తావిచ్చే పదాలు

‘నేటి నుండి’ అన్నప్పుడు ఒప్పందం జరిగిన రోజు లెక్కలో చేరుతుందా? ‘30వ తేదీ లోపు’ అంటే 30వ తేదీ కలుస్తుందా? జనవరి 31 నుండి ‘ఒక నెల’ ఏ రోజుతో ముగుస్తుంది? ‘పత్రాలు అందిన పిదప’ అన్న మాటలో లింకు దస్తావేజులు మాత్రమే ఉన్నాయా, ఈసీ కూడా ఉందా? ఈసీ రిజిస్టరైన లావాదేవీలకే పరిమితం. వారసుల వాటాలు, నడుస్తున్న వ్యాజ్యాలు తెలుసుకోవడానికి వేరే విచారణ, దానికి తగిన వ్యవధి అవసరం.

నిర్వచనంలోని అంశాలు

ఆరంభ ఘటన, రోజుల లెక్క, పరిశీలించవలసిన పత్రాలు, అభ్యంతరం తెలిపే పద్ధతి, గడువు ముగిస్తే కలిగే ఫలితం అనే ఐదూ స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు ఇలా వ్రాయవచ్చు:

“అనుబంధంలోని పత్రాలన్నియు అందినట్లు కొనుగోలుదారు రసీదు ఇచ్చిన తేదీని మినహాయించి, మరుసటి దినము మొదలు 30 దినములు పరిశీలన గడువు. 30వ దినము సాయంత్రము 5 గంటలకు ఇది ముగియును. ఈలోగా హక్కు దోషమును వ్రాతపూర్వకముగా తెలిపినచో విక్రేత 15 దినములలో సరిచేయవలెను. చేయనిచో బయానా పూర్తిగా వాపసు చేయవలెను. పరిశీలన గడువు ముగిసిన పిదప, లేక తెలిపిన దోషము సరిచేసిన పిదప మాత్రమే చెల్లింపు గడువు ప్రారంభమగును.”

‘మౌనం అర్ధాంగీకారం’ అన్న లోకోక్తికి ఇక్కడ చోటివ్వరాదు. కొనుగోలుదారు అభ్యంతరం తెలుపకపోయినా, విక్రేత దాచిన దోషానికి అతని బాధ్యత తొలగదని మరొక వాక్యం చేర్చడం క్షేమం.

ముగింపు

పరిశీలన గడువును చెల్లింపు గడువు నుండి విడదీసి, దాని ఆద్యంతాలను నిర్దేశించినప్పుడే అది కొనుగోలుదారుకు రక్షణ అవుతుంది. విక్రేతకు కూడా ఆస్తి నిరవధికంగా నిలిచిపోదన్న భరోసా దక్కుతుంది.