పుష్యమాసములో నక్కల వేట

మొన్న పుష్యమాసములో నా బాల్యమిత్రుడు కబురు పంపినాడు: "ఒకసారి వచ్చిపోరా అయివారూ, నక్కల వేటకు పోదాము" అని. ఇంటిలోనివారు నవ్వినారు. డెబ్బది దాటిన ఇద్దరు ముసలివాండ్రు, ఒకరికి మోకాళ్ళ నొప్పి, మరొకరికి కంటిలో పొర. వీరికి వేట యేమిటని వారి ఆశ్చర్యము. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేడు నక్క రక్షిత జంతువు. 2022లో ఆ చట్టమును సవరించినప్పుడు పులి ఉన్న మొదటి పట్టికలోనే దానినీ చేర్చినారు. మావానికి ఈ సంగతి తెలియకపోలేదు. మేము వెంట తీసికొనిపోయినవి రెండు చేతికఱ్ఱలు, ఒక టార్చిలైటు, ఒక సద్దిమూట. వేట అన్నమాట మాత్రము మా పాత అలవాటు.

నెల్లూరి నుండి విడవలూరు దాటి రామతీర్థము వైపు పోయేకొలది వరిమళ్ళు వెనుకబడి ఇసుకనేల మొదలగును. నడుమ బకింగ్‌హామ్ కాలువ. 1876-78 నాటి గొప్ప కరవులో కూలి కొరకు, గంజి కొరకు వచ్చిన జనము త్రవ్వి కలిపిన భాగములు ఈ కాలువకు కలవు. అప్పటి మదరాసు గవర్నరు పేరే దీనికి పెట్టినారు. ఒకప్పుడు సరుగుడు కట్టెలు, ఉప్పు, ఈ నీటిమీదనే పడవలలో మదరాసుకు పోయెడివి. కాలువకు తూర్పున సరుగుడు తోటలు, మొగలి పొదలు, తాటివనములు, ఆపైన సముద్రము. మా చిన్ననాడు అదంతయు నక్కల రాజ్యము. పగలు పొదలలో పడుకొని, ప్రొద్దు క్రుంకగానే శెనగచేలమీద పడెడివి. కాయ ఊరే వేళకు చేను పందులు దున్నినట్లుండెడిది. పీతలను పట్టి తినుటకు ఒడ్డుకు పోయెడివి. చలికాలములో సముద్రపు తాబేళ్ళు ఇసుకలో గ్రుడ్లు పెట్టి పోతే ఆ గోతులను త్రవ్విపెట్టెడివి.

ఇక్కడ నాతోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మనము పిల్లలకు 'ద్రాక్షపండ్లు పుల్లన' అని చెప్పే కథలోని జంతువు నక్క కాదు. అది సీమలోని ఎఱ్ఱని, గుబురుతోక జంతువు. మన గుంటనక్క దానికి దగ్గరి చుట్టము. చిన్నయసూరి నీతిచంద్రికలోని కరటక దమనకులు మాత్రము అచ్చమైన నక్కలు, కుక్కకూ తోడేలుకూ దాయాదులు. ఎన్నో పాఠ్యపుస్తకములలో నక్క బొమ్మ సీమ జంతువుదే. ముప్పది యేండ్లు ఆ బొమ్మనే చూపి పాఠము చెప్పిన పాపము నాకును కలదు.

అమెరికాలో నక్కకు బదులు కయోటీ అన్న జంతువు కలదు. నక్కకంటె కొంచెము పెద్దది. అక్కడి వేటగాండ్రు చలికాలములో మంచుమీద కూర్చుండి, గాయపడిన కుందేలు కీచుమన్నట్లు ఊది దానిని దగ్గరకు రప్పింతురు. ఈ విద్య మనవారికి క్రొత్త కాదు. మా ఊరి చింతతోపులో యేటేటా చలికాలము నక్కలవాండ్రు గుడారములు వేసెడివారు. వీరినే కురువిక్కారులని ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన కులముల, తెగల గ్రంథములో వర్ణించినారు. ఇంటిలో మాట్లాడుకొనునది గుజరాతీకి చుట్టమైన వాగ్రి భాష. వారిలోని పెద్ద ఒకడు సందెవేళ వల పన్ని, పొదచాటున కూర్చుండి నోటికి చేతులడ్డము పెట్టి కూసెడివాడు. మొదట ఒంటి కూత, దానిమీద మరియొకటి, ఆపైన నాలుగైదు గొంతులు కలిసినట్లు. ఆ కూసేది ఒక్క మనిషియే. మైలు దూరములోని నక్కలు బదులు పలికెడివి. బదులు పలుకుతూనే వచ్చి వలలో పడెడివి. వారు తెచ్చి అమ్మే 'నక్కకొమ్ము'ను ఇండ్లలో అదృష్టమని దాచుకొన్నవారు కలరు. నక్కకు కొమ్ము లేదు. అందులో కపటమే హెచ్చు. కూతలో మాత్రము కపటమున్నా విద్య ఉన్నది.

మావాడు ఆ పెద్ద వెంటపడి, రెండు చలికాలములు బీడీలు మోసి ఆ కూత నేర్చినాడు.

1969 సంక్రాంతికి ముందటి మాట. మావాని తండ్రిది ఒంటికుందె తుపాకి ఒకటి ఉండెడిది. చేను పాడైపోయినదని ఆయన కోపము, మాకు ఉత్సాహము. మావాడు కూసినాడు, నేను లాంతరు చాటున పట్టుకొన్నాను. మొగలిపొద వెనుక నుండి ఒక నక్క వచ్చినది. పదిహేను గజములలో ఆగి మెడ చాచి విన్నది. తుపాకి పేలినది. లాంతరు ఎత్తి చూచితే ఆడుది.

కథ అంతటితో ముగిసియుంటే నాకు నేడు జ్ఞాపకముండేది కాదు. నక్కలు జంటలుగా బ్రతుకుతవి. సాధారణముగా ఆ జంట విడిపోదు. వేటాడునప్పుడు కూడ రెండూ కలిసి పోవును. ఇది మేము పుస్తకములలో చదివినది చాల తరువాత. ఆ మరునాటి రాత్రి చేనిగట్టున ఒంటినక్క కూసినది. మూడవనాడూ కూసినది. కూసి, ఆగి, బదులు కొరకు విని, మరల కూసేది. నాలుగవ రాత్రి మావాని తండ్రి, "కూయరా, వచ్చుద్ది, అదీ పోతుంది" అన్నాడు. మావాడు నోటికి చేతులు పెట్టుకొన్నాడు గాని శబ్దము రాలేదు. "గొంతు పట్టేసింది నాయనా" అన్నాడు. తండ్రి నమ్మినాడో లేదో తెలియదు. నేను నమ్మలేదు.

తరువాత యీ యేబదియారేండ్లలో మావాడు కూయగా నేను విననే లేదు. అందుకే యీ కబురు నాకు వింతగా తోచినది.

సాయంకాలము కాలువ దాటినాము. సరుగుడు తోటలు అక్కడక్కడ మిగిలినవి. తక్కినదంతయు రొయ్యల గుంటలు. 1990 తరువాత యీ తీరమున గుంటల మోజు పుట్టినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపుటంచున వాటిని కూడదని తీర్పు చెప్పినది. ఆ మరుసటి యేటి నుండి క్రొత్త యేర్పాట్లు, క్రొత్త అనుమతులు. నేను లెక్కచూడలేదు గాని మేము నడచిన దారిలో నీళ్ళే హెచ్చు. గుంటలలో గాలి కలిపే చక్రములు రేయింబవళ్ళు తిరుగుచునే ఉండును. ఆ హోరులో సముద్రమే సరిగా వినబడలేదు.

"ఎందుకురా పిలిచినావు?" అన్నాను.

"ఎలుకలు నాలుగు బస్తాల వడ్లు తిన్నాయిరా. పందికొక్కులు గట్లు తొలిచేశాయి. మా నాయన శెనక్కాయలు నక్క తినె అని ఏడ్చేవాడు. అది ఎలుకల్నీ తినేదని మాకు తెలీలా. ఇక్కడ నక్క కూత విని నాకు ఆరేండ్లయింది. ఉండాయో లేవో తెలుసుకోవాల. ఒంటరిగా పోవటానికి మనసొప్పలా."

ఉన్నవాటిలో పెద్దదైన ఒక సరుగుడు తోపు చాటున, హోరు కొంచెము తగ్గినచోట కూర్చున్నాము. మంచు దిగుచున్నది. మావాడు చేతులు నోటికి చేర్చినాడు. మొదటి కూత బొంగురుగా వచ్చి నడుమ తెగినది. రెండవది నిలిచినది. మూడవసారి, ఆ నాలుగు గొంతులూ వచ్చినవి. నాకు ఒడలు జలదరించినది. ఊరివైపు కుక్కలు మొఱిగినవి. అంతే. గంటసేపు కూర్చున్నాము. మరి రెండుసార్లు కూసినాడు. చక్రముల హోరు తప్ప బదులు లేదు.

అమెరికాలో తుపాకితో, బోనుతో, విషముతో లక్షలకొలది కయోటీలను చంపినను అవి పడమటి మైదానముల నుండి తూర్పు తీరము వరకు, నగరముల నడుమకు కూడ వ్యాపించినవట. మన నక్క జాతియే ఐరోపాలో డెన్మార్కు వరకు పోయినది. వీటిని తుపాకి అంత తేలికగా తుడిచిపెట్టలేదు. పడుకొనుటకు పొద లేకపోతే మాత్రము ఏమి చేయును? ఈ మాట మావానితో అనబోయి మానుకొన్నాను.

ఆ రాత్రి తోటలోని పాకలో పడుకొన్నాము. తెల్లవారుజామున మంచుకు ఇసుక తడిసి గట్టిపడియున్నది. మావాడు ముందు నడచుచు హఠాత్తుగా కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పి మరచినట్లున్నది.

"కుక్కదేమో" అన్నాను.

"చూడు." వ్రేలితో చూపినాడు. అడుగులో నడిమి రెండు వ్రేళ్ళ మెత్తలు క్రింద ఒకదానితో ఒకటి అతుకుకొని ఉన్నవి. కుక్కకు అవి విడివిడిగా ఉండును. మేము రాత్రి కూర్చున్నచోటికి ఇరువది గజములలో ఆ అడుగులు వచ్చి, అక్కడక్కడే తిరిగి, సముద్రము వైపు పోయినవి. వాటిప్రక్కనే, కొంచెము చిన్నవి, మరియొక వరుస.

"వచ్చి విన్నాయిరా," అన్నాడు మావాడు. "పలకలేదు."

నేను దాటబోతే చేయి పట్టి ఆపినాడు. "చుట్టూ తిరిగి రా. తొక్కబాక."

"నక్క తోక తొక్కితే అదృష్టమంటారు గదరా."

"తోక సంగతి నాకు తెలీదు," అని వాడు చేతికఱ్ఱ ఊని లేచి, రెండు వరుసల అడుగులకూ ఎడముగా, ఇసుక అంచున నడవసాగినాడు.