టర్బో ఇంజనుకు దెబ్బ ఎక్కడ తగిలింది? విప్పక ముందే తెలుసుకొనే విధానం

భివండీ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ జిల్లాల నుండి వెళ్లి పద్మనగర్ వంటి పేటలలో స్థిరపడిన కుటుంబాలు పండుగకో పెళ్లికో స్వగ్రామాలకు వస్తూనే ఉంటాయి. భివండీలో మొదలై కల్యాణ్, మాల్షేజ్ ఘాట్, అహిల్యానగర్, పర్భణీ, నాందేడ్, భైంసాల మీదుగా నిర్మల్ చేరే 61వ నెంబరు జాతీయ రహదారియే వీరిలో అనేకులకు దారి. నిండా మనుషులు, పైన సామాను, ముందు ఘాట్ రోడ్డు. ఇటువంటి ప్రయాణంలో ఇంజను దెబ్బతిన్నచో కలిగే నష్టం సొమ్ముతో మాత్రమే ముగియదు.

టర్బో అనగానేమి?

సైలెన్సరు గుండా వృథాగా పోవు వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుపై నున్న మరొక చక్రంతో ఇంజనులోనికి అధికంగా గాలిని పంపే సాధనమే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దానిని కాపాడేది పలుచని ఆయిల్ పొర మాత్రమే.

కంప్యూటరులోని లెక్కలను మార్చి డీజిలును, గాలి ఒత్తిడిని పెంచి బలం రాబట్టడమే ట్యూనింగు లేక రీమ్యాపింగు. మగ్గాన్ని దాని శక్తికి మించిన వేగంతో నడిపినచో బట్ట కొంతకాలం ఎక్కువే వస్తుంది. ఆపై విరిగేది మగ్గమే. ఇంజను సంగతియూ అంతే. వేడి పెరిగి పిస్టన్లు, టర్బో, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటాయి.

2007లో వచ్చిన మారుతీ స్విఫ్ట్ డీజిలు కారునే చూడుడు. 1248 సీసీల ఆ ఇంజను బలం సుమారు 75 అశ్వశక్తులు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పటి నుండి ఆ కంపెనీ డీజిలు కార్లు తయారు చేయడం లేదు. కావున నేడు దొరికేవన్నీ పాత బండ్లే. వెనుకటి యజమాని ట్యూనింగు చేయించెనా అన్నది కొనే ముందు తప్పక అడగవలసిన ప్రశ్న.

ఇంటివద్దనే చేయదగిన పరీక్షలు

మొదట పొగ రంగును గమనించాలి. నల్లని పొగ వచ్చినచో డీజిలు ఎక్కువైనదని గాని, గాలి గొట్టం చిరిగినదని గాని అర్థం. నీలి పొగ ఆయిల్ కాలుతున్నదనుటకు గుర్తు. టర్బో సీలు గాని పిస్టన్ రింగులు గాని అరిగి ఉండవచ్చు. వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లని పొగకు కారణం కూలెంటు నీరు కాలడం లేదా ఇంజక్టరు లోపం.

ఇంజను చల్లారిన పిమ్మట ఆయిల్ కొలత చూడాలి. ఆయిల్ మట్టం పెరిగి డీజిలు వాసన వచ్చినచో ఇంజక్టరు కారుతున్నదని అనుమానించాలి. ఆయిల్ మూతకు మీగడవంటి పదార్థం అంటినా, కూలెంటు డబ్బాలో బుడగలు వచ్చినా హెడ్ గ్యాస్కెట్‌ను శంకించాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ఎన్నడూ తీయరాదు.

నిదానంగా నడుస్తున్న ఇంజనుపై ఆయిల్ మూతను వదులు చేసినప్పుడు మూత ఎగిరిపడుతూ పొగ తన్నుకొని వచ్చినచో, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అని పిలిచే దోషమది. అయినను ఇంజను బోరుకు వచ్చినదని అప్పుడే నిర్ణయించరాదు.

వర్క్‌షాపులో అడగవలసినవి

నేతకాడు పోగు తెగినప్పుడు పడుగా, పేకా, నాడెయా అని చూసి గాని మగ్గం విప్పడు. ఇక్కడను అదే వరుస.

1. స్కానరుతో దోషాల కోడ్‌లు చూడాలి. పీ0299 వచ్చినచో టర్బో ఒత్తిడి చాలడం లేదని, పీ0234 వచ్చినచో మితిమీరినదని భావం. గొట్టం చిరిగినా మొదటి కోడ్ వస్తుంది గనుక కోడ్ చూసి టర్బో మార్చరాదు.

2. గాలి గొట్టం తీసి టర్బో ఇరుసును వ్రేలితో కదపాలి. ప్రక్కలకు స్వల్పమైన కదలిక సహజం. చక్రపు రెక్కలు గోడకు తగిలినా, ఇరుసు ముందువెనుకలకు స్పష్టంగా ఆడినా టర్బో చెడినట్లే.

3. హీటర్ ప్లగ్గులు తీసి అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలిపించాలి. ఒక్కటి మాత్రమే బాగా తగ్గినచో దెబ్బ అక్కడ ఉన్నది.

4. ఆ సిలిండరులోనికి గాలి ఒత్తిడి పంపి ఎక్కడ నుండి పోవుచున్నదో వినాలి. ఆయిల్ మూత వద్ద వినిపించినచో రింగులు లేక పిస్టన్. సైలెన్సరులో వినిపించినచో ఎగ్జాస్టు వాల్వు. కూలెంటులో బుడగలు లేచినచో గ్యాస్కెట్ లేక హెడ్డు పగులు.

5. సన్నని కెమెరాను లోనికి దింపి పిస్టన్ కరిగినదా, గోడలు గీసుకున్నవా అని చూడాలి. ఆయిల్ ఫిల్టరును కోసి చూసినప్పుడు మెరిసే లోహపు పొడి కనబడినచో బేరింగులు అరిగినట్లు.

ప్రమాద సూచన

టర్బో సీలు పూర్తిగా పోయినచో డీజిలు ఇంజను తన ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకొని, తాళం తీసినా ఆగక విపరీత వేగంతో తిరుగగలదు. అట్టి సమయంలో బండి నిలిచియున్నచో బ్రేకు గట్టిగా త్రొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజనును ఆపాలి. ఫలించనిచో అందరినీ దింపి దూరంగా తీసుకొనిపోవాలి. ఆయిల్ ఒత్తిడి దీపం వెలిగినప్పుడు మరొక కిలోమీటరు కూడా నడపరాదు.

కారణం తొలగాలి

ఆయిల్ గొట్టంలో పేరుకొన్న మడ్డిని శుభ్రపరచకుండా క్రొత్త టర్బో బిగించినచో అదియూ చెడుతుంది. లోపభూయిష్టమైన ట్యూనింగు అట్లే ఉండగా పిస్టన్లు మార్చినా ప్రయోజనం శూన్యం. కావున కంపెనీ వారి అసలు లెక్కలను కంప్యూటరులో తిరిగి వేయించి, పరీక్షల అంకెలను కాగితంపై వ్రాయించుకొని, తీసిన పాత భాగాలను అడిగి తీసుకొనవలెను. ఆ కాగితం చేతిలో ఉన్నచో మరొక మెకానిక్కు అభిప్రాయం పొందుట సులభం. అనవసరంగా ఇంజను మొత్తం విప్పించే ఖర్చును తప్పించుకొనవచ్చును.